ముందే ఇచ్చేసిన పేరు

మనవడు పుట్టి గంట కాకముందే మా వంశం వాళ్ళ ఫోన్ గ్రూపులో శుభాకాంక్షలు మొదలయ్యాయి. "ద్యాబ్ వచ్చేశాడు!" "చిన్న ద్యాబ్‌కి నూరేళ్ళు!" "అబూ ద్యాబ్, ఇప్పటికి నీ పేరు నిజమైందిరా!" నూట డెబ్భై మంది ఉన్న గ్రూపు అది. పిల్లాడికి ఏం పేరు పెడుతున్నారని ఒక్కరూ అడగలేదు. అడగాలన్న సంగతే ఎవరికీ తోచలేదు.

ద్యాబ్ నా పేరు. తోడేళ్ళని అర్థం. బిడ్డ దక్కాలంటే పేరు వినగానే చావు వెనక్కి తగ్గాలని మా పెద్దవాళ్ళు అలాంటివి పెట్టేవారు. ఆ పేరుకు తగిన పని నేను జీవితంలో ఒక్కటీ చేయలేదు. సర్వే ఆఫీసులో ముప్ఫయ్యొక్క సంవత్సరాలు బల్ల ముందు కూర్చుని పటాలు గీశాను, అంతే. కాని మా అబ్బాయి ఘస్సాన్‌కి మీసం రాకముందే మా ఊరు సల్త్‌లో బజారంతా వాణ్ణి అబూ ద్యాబ్ అని, అంటే ద్యాబ్ తండ్రి అని, పిలవడం మొదలుపెట్టింది. పెద్దకొడుక్కి తాత పేరు రాక మానదు కనక, వాడు పుట్టేదాకా ఆగడం ఎందుకని. ఘస్సాన్ రేడియేటర్ల షాపు బోర్డు మీదా ఎర్ర రంగుతో అదే పేరు. వాడి అసలు పేరేమిటో తెలియనివాళ్ళు బజారులో సగం మంది ఉంటారు.

ఆసుపత్రి వరండాలో ఘస్సాన్ నా పక్కన వచ్చి కూర్చున్నాడు. ఫోను మోగుతూనే ఉంది, తీయడం లేదు.

"నాన్నా, నీతో ఒక మాట."

"చెప్పరా."

"నేనూ అరీజూ ఒక పేరు అనుకున్నాం. చాలా రోజుల కిందటే." చేతుల్లో టోపీని తిప్పుతున్నాడు. "నసీమ్."

పిల్లగాలి అని అర్థం. కడుపు నిలవాలంటే లేవకూడదని డాక్టరు చెప్పినందుకు మా కోడలు అరీజ్ ఆరు నెలలు మంచం దిగలేదు. ఆ గది కిటికీ లోయవైపు ఉంటుంది. సాయంత్రమయ్యేసరికి పడమటి నుంచి ఒక గాలి వచ్చి తెర కదిలిస్తుంది. రోజంతా ఆ పిల్ల దాని కోసమే ఎదురుచూసేది. ఆ పేరు ఎక్కణ్ణుంచి వచ్చిందో వాడు నాకు చెప్పక్కర్లేదు.

"మంచి పేరు," అన్నాను.

"నీకు కష్టంగా లేదా?"

"లేదు."

అది పూర్తిగా నిజం కాదు. ఎక్కడో చిన్న ముల్లు గుచ్చుకుంది. ఆ వెంటనే ఆ ముల్లు తీసేసినంత హాయి కూడా కలిగింది. ఎందుకంటే నా పేరు ఈ పిల్లాడికి రాకుండా చూడాలని నేనే ఆర్నెల్లుగా దేవుణ్ణి అడుగుతున్నాను. ఆ పేరు అప్పటికే ఒకరికి ఇచ్చేశాను మరి.

నాలుగేళ్ళ కిందట అరీజ్‌కి మొదటి కాన్పు ఏడో నెలలోనే అయింది. మగపిల్లాడు. ఆరు గంటలు బతికాడు. తల్లికి రక్తం ఎక్కిస్తున్నారు, ఘస్సాన్ ఆమెను వదిలి కదిలే స్థితిలో లేడు. బిడ్డను నేనే కొండ మీది శ్మశానానికి తీసుకెళ్ళాను. అక్కడ కాపలా ఉండే ముసలాయన వాడికి స్నానం చేయించి, గుడ్డలో చుట్టి, నోటుపుస్తకం తెరిచి పేరడిగాడు. పేరు పెట్టలేదన్నాను. ఆయన పెన్ను కింద పెట్టేశాడు.

"పేరు లేకుండా మట్టిలో పెట్టను హాజీ. ఆ చివరి రోజున అందర్నీ పేరు పెట్టి పిలుస్తారు. వీణ్ణేమని పిలుస్తారు? పాపం, నిలబడి చూస్తూ ఉంటాడు."

ఘస్సాన్‌కి ఫోను చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. వాన వచ్చేలా ఉంది. ముసలాయన తొందరపెట్టలేదు, నా వైపు చూడకుండా గడ్డి పీకుతూ కూర్చున్నాడు. ఆ క్షణాన నా దగ్గర ఇవ్వడానికి ఉన్నది ఒక్కటే. ద్యాబ్ అని చెప్పాను. ద్యాబ్ బిన్ ఘస్సాన్, అంటే ఘస్సాన్ కొడుకు ద్యాబ్, అని రాసుకున్నాడు.

ఆ సాయంత్రం మా ఆవిడ రస్మియ్యాకి మాత్రమే చెప్పాను. "ఇప్పుడొద్దు. పిల్ల లేచి నాలుగడుగులు నడిచాక నేనే చెప్తాను. నువ్వయితే చెప్పలేక నువ్వే ఏడుస్తావు," అంది. పిల్ల లేచి నడిచింది. కాని రస్మియ్యాకి సరైన రోజు కనబడలేదు. తరవాత తనకే జబ్బు చేసింది. తను వెళ్ళిపోయి రెండేళ్ళు. ఆ మాట నా దగ్గర మిగిలిపోయింది. ఇప్పుడు చెబుదామంటే అరీజ్‌కి ఇంకా పాలైనా పడలేదు. దుఃఖపడితే బాలింత పాలు ఎండిపోతాయని మా ఆడవాళ్ళు అంటారు. నేను కాలేజీలో చదువుకున్నవాణ్ణే. అయినా ఆ మాటను పక్కన పెట్టలేకపోయాను.

నసీమ్ అన్నారు కదా, ఇంక చెప్పే అవసరమే రాదులే అనుకున్నాను. ఆ ఊరట రెండు రోజులుంది.

మూడో రోజు మా అక్క ఫిద్దా దిగింది. డెబ్భై నాలుగేళ్ళు, రెండు మోకాళ్ళూ పోయాయి. అయినా మా ఇంటి మెట్లన్నీ ఎక్కి, పైన నిలబడి ముందు ఊపిరి తీసుకుని, తరవాత గొంతెత్తింది.

"ఏడీ నా తోడేలుపిల్ల? ఏడీ ద్యాబ్?"

బిడ్డ పుట్టిన ఇంటికని అక్క చేసి తెచ్చిన సీమజీలకర్ర పాయసం గిన్నె పట్టుకుని టాక్సీ అతను ఆమె వెనకే మెట్లెక్కి వచ్చాడు. ఎవరూ అడగకుండానే తెచ్చాడు. గిన్నె దించి, పిల్లాడివైపు చూసి ఒక దీవెన చదివి వెళ్ళిపోయాడు.

అక్క మనవణ్ణి ఒళ్ళో పడుకోబెట్టుకుంది. ఘస్సాన్ గోడకేసి చూస్తూ, "నసీమ్ అనుకున్నాం అత్తా," అన్నాడు.

"ఏం అనుకున్నారు?"

"పేరు. నసీమ్ అని."

"గాలా?" అక్క నావైపు తిరిగింది. "విన్నావా తమ్ముడూ? తోడేళ్ళింట్లో గాలి పుట్టిందంటున్నాడు నీ కొడుకు."

"మెత్తగా ఉంటుంది హజ్జా, పిలవడానికి," అంది అరీజ్ మంచం మీంచి. పెద్దావిడల్ని మేం హజ్జా అనే పిలుస్తాం.

"మెత్తగా ఉండడానికి వాడేమైనా దిండా అమ్మాయ్? రేపు బడిలో నలుగురు మీద పడితే గాలి ఏం చేస్తుంది? తలుపు సందులోంచి పారిపోతుంది."

అరీజ్ ఆపుకోలేక నవ్వింది.

"నవ్వు, నవ్వు. నవ్వితే పాలు పడతాయి. బాగా నవ్వేసి, తరవాత ద్యాబ్ అను. ఏరా అబూ ద్యాబ్, షాపు బోర్డు ఏం చేస్తావు? చెరిపించి అబూ గాలి అని రాయిస్తావా? టైర్లకి గాలి కొడతావనుకుని జనం వరసకడతారు."

"అత్తా, అది కాదు..."

"అది కాదూ లేదు, ఇది కాదూ లేదు. మా నాన్నకి వాళ్ళ తాత పేరు, మీ నాన్నకి మా తాత పేరు. నాలుగు తరాలుగా వస్తున్నది నీ దగ్గరికొచ్చి ఆగిందా? తండ్రి బతికుండగానే వాడి పేరు నచ్చలేదన్నావని రేపు ఊళ్ళో అంటారు. అప్పుడు ఎవరి మొహం చూస్తావు?"

ఘస్సాన్ మళ్ళీ గోడవైపు తిరిగాడు. అరీజ్ నవ్వు ఆగిపోయింది.

మర్నాడు వంటింట్లో అక్క ఒక్కతే ఉన్నప్పుడు మాట్లాడదామని వెళ్ళాను. చేతులు ఊరికే ఉండలేక కాఫీ కప్పులు కడుగుతూ మొదలుపెట్టాను.

"అక్కా, నిజంగా చెప్తున్నా. నా పేరు మనవడికి రావాలని నాకు లేదు."

"ఎవరు నేర్పారు ఈ మాట?"

"ఎవరూ నేర్పలేదు."

"రస్మియ్యా ఉంటే నిన్నిలా అననిచ్చేదా? నీ పేరు తీసుకెళ్ళి మేడ మీంచి కిందికి విసిరేస్తుంటే నువ్వు 'మెల్లగా విసరండి, చేతులు నొప్పెడతాయి' అంటావు. చిన్నప్పట్నుంచీ నువ్వింతే."

"నాకేం బాధ లేదంటే వినవేం?"

"బాధ లేనివాడు కడిగిన కప్పులే మళ్ళీ మళ్ళీ కడుగుతాడా? ఇది మూడోసారి. పొద్దున్నుంచీ చూస్తున్నా, మేడ మీదికి ఎక్కుతావు, దిగుతావు, గుమ్మం దాకా పోతావు, వస్తావు. లోపల్లోపల కాలిపోతున్నావు. నాకు తెలీదా నీ సంగతి? నువ్వు నోరు విప్పలేవు కాబట్టి నీ బదులు నేను మాట్లాడతా."

కప్పు చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాను. నా స్థిమితం లేనితనమే ఆమెకు సాక్ష్యమైంది. నేను ఎంత కాదంటే ఆమెకు అంత ఔనని తోస్తోంది. కోపం తెచ్చుకుందామన్నా రాలేదు. నా తరఫున దెబ్బలాడడానికి ఆ మోకాళ్ళతో అన్ని మెట్లెక్కి వచ్చింది మరి.

అయిదో రోజు అక్క కొడుకు మిఠాయి డబ్బాలు పంపించాడు. బాదంపప్పు మీద చక్కెర పూసిన గోళీలు, లేతనీలం డబ్బాలు, అరవై. ప్రతి డబ్బా మీద బంగారు అక్షరాలతో 'ద్యాబ్ ఘస్సాన్'. ముందు గదిలో గోడ పొడుగునా పేర్చి పెట్టారు. నడవకూడదని చెప్పినా అరీజ్ గోడ పట్టుకుని నెమ్మదిగా నడిచి వచ్చింది. ఒక డబ్బా చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, చదివి, తీసినచోటే పెట్టింది. గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. విసురుగా వేసినా బాగుండేది. చప్పుడు కాకుండా వేసింది.

నేను చెప్పులు వేసుకుని షాపుకి బయల్దేరాను. అరీజ్‌కి చెప్పలేను, కనీసం ఘస్సాన్‌కి చెప్పాలి. వాడు ఆమెకు ఎలా చెప్పాలో చూసుకుంటాడు. దారంతా మాటలు పేర్చుకున్నాను. షాపు దగ్గరికొచ్చి ఆ ఎర్ర అక్షరాలు చూసేసరికి పేర్చినవన్నీ చెదిరిపోయాయి.

ఘస్సాన్ ఒక పాత ట్రక్కు రేడియేటర్‌లో నీళ్ళు పోసి కారుతుందేమో చూస్తున్నాడు. నన్ను చూసి గొట్టం ఆపేశాడు.

"నువ్వూ గొడవకే వచ్చావా నాన్నా?"

"లేదురా. ఒక సంగతి చెప్పాలి."

"ముందు నేను చెప్తా, విను. నావల్ల కాదు ఇంక. పొద్దున్నుంచీ పదకొండు ఫోన్లు. తండ్రిని అవమానించాడు, పెళ్ళాం మాట విన్నాడు అంటూ. అరీజ్ ఆర్నెల్లు కదలకుండా పడుకుని వాణ్ణి కన్నది. ఒక్కటే అడిగింది నన్ను. అది కూడా ఇవ్వలేకపోయా." గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు, అవి తుడిచినా నల్లగానే ఉన్నాయి. "పొద్దున తనే అంది. కాగితం మీద ద్యాబ్ అని రాయిద్దాం, ఇంట్లో మనిద్దరం నసీమ్ అని పిలుచుకుందాం అని. ఎంతమంది చెయ్యట్లేదు? ఏడో రోజు భోజనాలప్పుడు అత్త చేతే చెప్పించేస్తా. గొడవ వదుల్తుంది."

"వద్దురా."

"ఎందుకొద్దు?"

"ఆ పేరు..."

అప్పుడే ఆవిర్లు కక్కుతూ ఒక కారు వచ్చి ఆగింది. దాని మనిషి దిగీదిగకుండానే రేడియేటర్ మూత మీద చెయ్యి వేయబోయాడు. "తియ్యకు, తియ్యకు! మొహం కాల్తుంది!" అని అరుస్తూ ఘస్సాన్ పరిగెత్తాడు. ఆ తరవాత ఇంకొకరు వచ్చారు. నేను స్టూలు మీద కూర్చున్నాను, లేచాను, మళ్ళీ కూర్చున్నాను. పక్క షాపతను అడక్కుండానే టీ తెచ్చి నా చేతిలో పెట్టాడు. "మనవడి పేరు మీదేనటగా, అదృష్టవంతులు," అన్నాడు. ఆ టీ తాగి, చెప్పకుండానే వచ్చేశాను.

ఆరో రోజంతా నాతో నేను వాదించుకున్నాను. చెప్పకపోతే ఏమవుతుంది? ఏమీ కాదు. పోయిన బిడ్డ పేరు తరవాతి బిడ్డకి పెట్టుకున్న ఇళ్ళు మా ఊళ్ళో ఉన్నాయి. ఎవరూ తప్పు పట్టరు. అక్క సంతోషంగా వెళ్తుంది, ఘస్సాన్‌కి ఫోన్లు ఆగిపోతాయి, అరీజ్ కూడా మెల్లగా సర్దుకుంటుంది. కాని మొదటివాడు ఈ లోకంలో ఆరు గంటలున్నాడు. తీసుకెళ్ళినది ఒక గుడ్డ, ఒక పేరు. ఆ పేరు వాడి దగ్గర్నుంచి లాక్కుని తమ్ముడికి ఇస్తామా? అదీ వాళ్ళమ్మ చేత, ఆమెకు తెలియకుండా? మేడ మీద ఆరేసిన పిల్లాడి బట్టలు తీయడానికి వెళ్ళి, తీయకుండా దిగి వచ్చాను. మళ్ళీ వెళ్ళాను. అప్పటికి పక్కింటి మేడ మీది ఆవిడ అవన్నీ తీసి మడిచి మా గోడ మీద పెట్టి ఉంచింది, పైన రాయి బరువు పెట్టి.

ఏడో రోజు పొద్దున్నే వాకిట్లో వేట కోశారు. ఎండబెట్టిన పెరుగుగడ్డలు కరిగించిన పెద్ద గిన్నె పొయ్యి మీద పొంగుతోంది. అక్క గరిటె పట్టుకుని అందరి మీదా అరుస్తోంది. మధ్యాహ్నానికి ఎనభై మంది వస్తారు. ఆమె నిలబడి పేరు చెబుతుంది.

"మామయ్యా, ఒక్క నిమిషం రండి," అని గదిలోంచి అరీజ్ పిలిచింది.

పిల్లాడు ఆమె పక్కన నిద్రపోతున్నాడు. పొద్దున మంగలి వచ్చి వెళ్ళాడు, తల నున్నగా ఉంది. కుర్చీ చూపించింది. నేను నిలబడే ఉన్నాను.

"ఈ వారంలో మీరు కూర్చోవడం నేను చూళ్ళేదు," అంది. "నా మూలానే కదా? మీ పేరంటే ఇష్టం లేక కాదు మామయ్యా. మీరంటే నాకు ఎంత గౌరవమో... మా నాన్న కూడా నన్నింత బాగా చూళ్ళేదు. ద్యాబ్ అనే రాయించండి. నేను ఏడవను. ఇందాక అద్దంలో చూసుకుని అలవాటు చేసుకున్నా కూడా. ద్యాబ్, రా నాన్నా, అన్నం తిందువుగాని అని."

తలుపు నాకు మూడడుగుల దూరంలో ఉంది. చల్లగా ఉండు తల్లీ అని దీవించి వెళ్ళిపోవచ్చు. ఆమె కళ్ళలో ఒక్క నీటిబొట్టు లేదు. నిజంగానే అలవాటు చేసుకుంది. అదే నన్ను వెళ్ళనివ్వలేదు.

"ఆ పేరు వీడికి పెట్టడానికి లేదమ్మా," అన్నాను. "ఎప్పుడో ఇచ్చేశాను."

"ఎవరికి?"

"మొదటివాడికి."

నేను ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనని తెలుసు. కాపలా ముసలాయన అడిగినదీ, ఫోను చేసినదీ, పుస్తకంలో రాసినదీ చెప్పేశాను. రస్మియ్యా మాట కూడా చెప్పాను.

"వాడికి పేరుందా?" అంది.

"ఉంది."

"వాడికి పేరుంది." ఇది నాతో అన్నది కాదు. తరవాత నావైపు చూసింది. అలా ఆమె నన్నెప్పుడూ చూడలేదు. "నాలుగేళ్ళు మామయ్యా. 'అది పోయిందిలే, ఇంకోటి పుడుతుంది' అని నా మొహం మీదే అన్నారు అందరూ. అది! వాణ్ణి ఏమని పిలవాలో తెలీక మనసులో నువ్వు, నువ్వు అని పిలుచుకున్నా. నువ్వు అంటే ఎవరు? వీధిలో పోయేవాణ్ణి కూడా నువ్వు అంటాం. పేరు మీ దగ్గర దాచిపెట్టుకుని రోజూ నా ఎదురుగా కూర్చుని అన్నం తిన్నారా మీరు?"

"తిన్నాను," అన్నాను.

పిల్లాడు లేచి ఏడుపు అందుకున్నాడు. అరీజ్ చూడకుండానే వాణ్ణి ఎత్తి రొమ్ముకి ఆనించుకుంది. ఆమె కన్నీళ్ళు వాడి నున్నటి తల మీద పడుతున్నాయి. వాడు గుక్కలు మింగుతున్న చప్పుడు వినబడింది, ఒకటి తరవాత ఒకటి. ఆమె గౌను ముందుభాగం తడిసిపోయింది. పాలు ఆగలేదు. దేవుడికి ఎన్నిసార్లు దణ్ణం పెట్టుకున్నానో తెలీదు, అక్కడే నిలబడి.

వెనక ఏదో చప్పుడైతే తిరిగి చూశాను. గుమ్మంలో ఘస్సాన్, చేతిలో కాఫీ పళ్ళెం. ఎప్పటినుంచి ఉన్నాడో.

"బిన్ ఘస్సాన్ అని కూడా రాశాడా, ఆ పుస్తకంలో?" అని అడిగాడు.

"రాశాడు."

పళ్ళెం నేల మీద పెట్టి గడప మీదే కూర్చున్నాడు. "అయితే నేను నాలుగేళ్ళ నుంచీ నిజంగానే ద్యాబ్ తండ్రిని..." అని ఆగిపోయి, రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

"ఏమిటా ఏడుపులు? శుభమా అని వేట కోసుకున్న రోజున!" గరిటెతోనే వచ్చింది అక్క. ఘస్సాన్‌ని చూసి, నన్ను చూసి, చివరికి మంచంవైపు చూసింది.

"హజ్జా," అంది అరీజ్. "మీ ద్యాబ్ పుట్టి నాలుగేళ్ళయింది."

అక్క అర్థం కానట్టు నావైపు తిరిగింది. మళ్ళీ చెప్పాను, ఈసారి నాలుగు ముక్కల్లో.

"ఎవర్నడిగి పెట్టావురా?"

"ఎవర్నీ అడగలేదక్కా. నా పేరే కదా అని ఇచ్చేశాను."

ఆమె నన్ను తిడుతుందనుకున్నాను. కుర్చీ లాక్కుని కూర్చుంది. గరిటె నుంచి పెరుగు చుక్కలు ఆమె బట్టల మీద పడుతున్నాయి, చూసుకోలేదు.

"నా పసివాళ్ళూ ఇద్దరున్నారు ఆ కొండ మీద," అంది. "నీకు గుర్తుండదు, అప్పటికి నువ్వు చిన్నవాడివి. రెండుసార్లూ నాన్నే తీసుకెళ్ళాడు. వచ్చాక వాకిట్లో కాళ్ళు కడుక్కుని లోపలికొచ్చాడు. నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. ఆయన్ని కూడా ఎవరైనా అడిగుంటారంటావా? పేరేమిటని?"

"తెలీదక్కా."

"అడిగుంటారు," అంది. "నాన్న ఏదో ఒకటి చెప్పే ఉంటాడు. ఊరికే రాడు ఆయన."

అరీజ్ పక్కకి జరిగి మంచం మీద చోటు చూపించింది, కాని అక్క కదల్లేదు. జేబులోంచి ఫోను తీసింది. ఎక్కడ నొక్కాలో ఘస్సాన్‌ని అడిగి, ఫోను నోటికి దగ్గరగా పెట్టుకుని, దూరంగా ఉన్నవాళ్ళతో మాట్లాడినట్టు గట్టిగా మాట్లాడింది.

"వినండి అందరూ. ఫిద్దాని. మనమంతా పొరబడ్డాం. ద్యాబ్ మా ఘస్సాన్ పెద్దకొడుకు. నాలుగేళ్ళ కిందట పుట్టాడు, దేవుడి దగ్గరున్నాడు. వాడి కోసం ప్రార్థన చెయ్యండి, చెయ్యలేదు కదా ఇన్నాళ్ళూ. ఇప్పుడొచ్చినవాడు వాడి తమ్ముడు. పేరు నసీమ్. పేరు నాకు నచ్చలేదు, అది వేరే సంగతి, వాడి అమ్మానాన్నల ఇష్టం. ఎవరూ వాళ్ళకి ఫోన్లు చెయ్యకండి, చేస్తే నాకు చెయ్యండి. మధ్యాహ్నం త్వరగా రండి, అన్నం చల్లారిపోతుంది."

పంపించేసి, కళ్ళు తుడుచుకోకుండానే లేచింది. "ఆ డబ్బాలు అరవై ఉన్నాయి. పారేస్తామా ఏంటి? అన్న పేరు మీద పంచుదాం. పదరా ఘస్సాన్, గిన్నె దించాలి, నా వల్ల కాదు."

ఘస్సాన్ లేచి ఒకసారి మంచందాకా వచ్చాడు. అరీజ్ తల మీద చెయ్యి వేసి, తరవాత అత్త వెనకే వెళ్ళాడు. నేనూ వాళ్ళ వెంటే గుమ్మం దాకా నడిచాను.

"మామయ్యా."

ఆగాను.

"మీ మీద కోపం పోలేదు నాకు. పోతుందో లేదో కూడా తెలీదు." నసీమ్‌ని భుజాన వేసుకుని వీపు నిమురుతోంది. "కూర్చోండి."

కూర్చున్నాను.

"మొదట్నుంచీ చెప్పండి. ఆసుపత్రిలోంచి బయటికి తీసుకెళ్ళినప్పట్నుంచి. ఏదీ వదలొద్దు. నాకు కష్టంగా ఉంటుందనుకున్నవి కూడా."

వాకిట్లో గిన్నె దించుతున్నారు. అక్క ఎవరినో తిడుతోంది.

"వెనక గుమ్మం దగ్గర ఒక నర్సు వాణ్ణి నా చేతుల్లో పెట్టింది," అన్నాను. "బయట చలిగా ఉంది. ఆవిడ తన శాలువా తీసి వాడికి చుట్టింది. మళ్ళీ ఎవరికివ్వాలమ్మా అని అడిగితే, తిరిగి తేవద్దులెండి అంది."

"ఏం రంగు?"

"గోధుమరంగు. ఒక అంచున దారాలు ఊడిపోయి ఉన్నాయి."

"మొహం కనబడేలా చుట్టిందా?" అంది అరీజ్.

"కనబడేలానే," అన్నాను.